ప్లేట్‌లెట్లు, యాంటీబాడీలు: రిపోర్టు కిటికీ దగ్గర నన్ను అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, మెషిన్‌లో పెట్టడం, అనుమానం వస్తే స్లైడు మీద పూత (స్మియర్ అంటాం) పూసి మైక్రోస్కోపులో చూడటం, రిపోర్టు చేతికివ్వడం నా పని. డాక్టరుని కాను, మందు రాయను, డోసు చెప్పను. అయినా రిపోర్టు అందుకున్న మనిషి డాక్టరు గదికి వెళ్లేలోపు ముందు నన్నే పట్టుకుంటాడు: "ప్లేట్‌లెట్లు పడిపోయినాయంట, ఏమవుతుంది సార్?" అలా మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలివి. డెంగ్యూ గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, మన ఒంట్లోని యాంటీబాడీలే (క్రిములను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు) ప్లేట్‌లెట్ల జోలికి వెళ్లే జబ్బుల గురించి రాస్తున్నాను.

మా పాపకు సీబీపీలో (రక్తకణాలు లెక్కపెట్టే టెస్టు) ప్లేట్‌లెట్లు 18,000 అని వచ్చింది. డెంగ్యూనేనా?

జ్వరం ఉందా అని ముందు అడుగుతాను. ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చింది. జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు. పిల్ల బెంచీ మీద కాళ్లు ఊపుకుంటూ బొరుగులు తింటోంది. మోకాళ్ల కింద మాత్రం కుంకుమ చల్లినట్టు సూదిమొనంత ఎర్రటి చుక్కలు. "దోమలు కుట్టినాయేమో సార్" అంది తల్లి. గాజు గ్లాసు ఆ చుక్కల మీద పెట్టి నొక్కి చూపించాను. దోమ కుట్టిన దద్దురైతే నొక్కినప్పుడు ఎరుపు పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. ఈ చుక్కలు గ్లాసు కింద కూడా ఎర్రగానే ఉన్నాయి. అంటే ఆ రక్తం నాళంలో లేదు, బయటికి ఊరి చర్మం కింద నిలిచింది.

మూడు వారాల కింద జలుబు, దగ్గు వచ్చి తగ్గాయట. జ్వరం లేకుండా, పిల్ల హుషారుగా ఉంటూ, ఎర్రకణాలు తెల్లకణాలు అన్నీ బాగుండి ప్లేట్‌లెట్లు మాత్రమే ఇలా పడిపోతే డాక్టర్లు ముందు అనుమానించేది ఐటీపీని, అంటే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియాని; ఒంటి యాంటీబాడీలే ప్లేట్‌లెట్లను తగ్గించే జబ్బు. పాత పుస్తకాల్లో ఈ పేరులోని 'ఐ'కి 'కారణం తెలియనిది' అని అర్థం ఉండేది. యాంటీబాడీల సంగతి తేలాక దాన్ని 'ఇమ్యూన్'గా మార్చారు. లక్ష కంటే తక్కువ ఉండి, వేరే కారణం ఏదీ దొరక్కపోతే ఐటీపీ అంటారు.

అసలు ప్లేట్‌లెట్ చేసే పనేంటి?

మూలుగలో ఉండే ఒక పెద్ద కణం నుంచి తునకలుగా రాలిపడేవే ప్లేట్‌లెట్లు. ఒక్కోటి 2-3 మైక్రాన్లు, ఎర్రకణంలో మూడో వంతు. ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటే మామూలే.

నాళానికి గాయమైతే ముందు అక్కడికి చేరేవి ఇవే. వీటి ఒంటి మీద రెండు రకాల కొక్కేలు ఉంటాయి, పేర్లు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాయి. జీపీ వన్‌బీ అనేది గాయం దగ్గర గోడను పట్టుకునేది. జీపీ టూబీ-త్రీఏ అనేది పక్కనున్న ప్లేట్‌లెట్‌తో చేయి కలిపేది. ఒకటి గోడకు, ఒకటి పక్కవాడికి. అలా అడ్డుకట్ట పడుతుంది.

మన యాంటీబాడీ మన ప్లేట్‌లెట్‌నే పగలగొడుతుందా?

అందరూ అలాగే అనుకుంటారు. పగలగొట్టదు, గుర్తు పెడుతుంది అంతే.

అనంతపురం సంతల్లో బేరం కుదిరిన గొర్రె వీపు మీద వ్యాపారి రంగు పూయడం చూసే ఉంటారు. ఆ రంగు వల్ల గొర్రెకు ఏమీ కాదు, మేత మేస్తూనే ఉంటుంది. కానీ సాయంత్రం లారీ దగ్గరుండే మనిషి రంగు చూసి ఎక్కించేస్తాడు. యాంటీబాడీ చేసేది కూడా అదే. ఐటీపీలో అది ఎక్కువగా జీపీ టూబీ-త్రీఏ కొక్కేనికో, జీపీ వన్‌బీ కొక్కేనికో అంటుకుంటుంది. యాంటీబాడీకి పట్టుకునే చేతులు రెండు, తోక ఒకటి. ఆ తోక బయటికి వేలాడుతూ ఉంటుంది. ప్లేట్‌లెట్ తిరుగుతూ తిరుగుతూ ప్లీహంలోకి వస్తుంది. మన పెద్దవాళ్లు కడుపులో బల్ల అంటారే, అదే. అక్కడ కాపలా ఉండే మ్యాక్రోఫేజ్ అనే కణం ఆ తోకను పట్టుకుని ప్లేట్‌లెట్‌ను మింగేస్తుంది. పది రోజులు బతకాల్సింది కొన్ని గంటల్లోనే పోతుంది.

రంగు మందపైనే ఆగదు, ఈనే గొర్రె మీద కూడా పడుతుంది. అంటే మూలుగలోని తల్లి కణం మీద కూడా అవే కొక్కేలు ఉంటాయి, యాంటీబాడీ అక్కడా అంటుకుని పుట్టే వాటిని తగ్గిస్తుంది. కొందరిలో యాంటీబాడీలతో పాటు టీ కణాలు అనే తెల్లకణాలు కూడా నేరుగా దాడి చేస్తాయి.

ఇదంతా రక్తంలో తిరిగే పదార్థం వల్లే అని తేల్చిన తీరు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ఐటీపీ ఉన్న ఒక ఆవిడ రక్తం అర లీటరు తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు నేలమట్టమయ్యాయి, ఫిట్స్ కూడా వచ్చాయి. కొద్ది రోజుల్లో మళ్లీ పెరిగాయి. జబ్బు ప్లేట్‌లెట్‌లో లేదు, ఆమె ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు పోను మిగిలే ద్రవంలో ఉందని అలా తెలిసింది. ఈరోజుల్లో ఏ కమిటీ కూడా ఇలాంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు.

మా ఒంటికి అలా ఎందుకు బుద్ధి పుట్టింది? వేడి చేసిందా?

వేడి కాదు, దిష్టి కాదు, తిండి తప్పూ కాదు. పిల్లల్లో తరచుగా ఒక వైరస్ జ్వరమో జలుబో వచ్చిపోయాక మొదలవుతుంది. వైరస్ మీదికి తయారైన యాంటీబాడీ, పోలిక చూసి మన కణాన్నే పట్టుకుంటుంది. పెద్దవాళ్లలో కొందరికి లూపస్ (ఒళ్లు తన మీద తానే తిరగబడే జబ్బు), హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ, కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి వెనకాల ఉంటాయి. అందుకే ఆ టెస్టులు రాస్తారు. హెచ్‌ఐవీ టెస్టు రాశాడని డాక్టరు మీద కోప్పడే వాళ్లను చూశాను, దయచేసి కోప్పడొద్దు. క్వినైన్, కొన్ని సల్ఫా మందులు, రిఫాంపిసిన్ వంటివి వాడితే కూడా యాంటీబాడీలు పుట్టొచ్చు, మందు ఆపితే తగ్గుతుంది. వాడే మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుని రండి.

చాలామందిలో మాత్రం కారణం దొరకదు.

యాంటీబాడీ టెస్టు చేస్తే తేలిపోతుంది కదా, అది చేయండి.

ఐటీపీకి ఆ టెస్టు మీద ఆధారపడరు. నిజంగా ఐటీపీ ఉన్నవాళ్లలో కూడా చాలామందికి నెగెటివ్ వస్తుంది. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతే మిగిలేదే ఐటీపీ. నా మాట అడిగితే, వేల రూపాయల ప్యానెల్ కంటే స్మియర్‌ని శ్రద్ధగా చూసే ఒక జత కళ్లు ఎక్కువ పనికొస్తాయి. మూలుగ పరీక్ష కూడా అందరికీ అక్కర్లేదు. ఎర్రకణాలు, తెల్లకణాలు కూడా తేడాగా ఉంటేనో, మందుకు లొంగకపోతేనో చేస్తారు.

ఇక్కడ 22,000 అన్నారు. వేరే ల్యాబులో 1.9 లక్షలు అన్నారు. మీది తప్పా, వాళ్లది తప్పా?

రెండు మెషిన్లూ తప్పు చేయకపోవచ్చు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక పాత గాయం ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇప్పుడు పనిచేసే చోట కాదు, ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాను. పత్తి వ్యాపారం చేసే పెద్దాయన, ఆపరేషన్‌కు ముందు టెస్టులు. మెషిన్ 22,000 చూపించింది. మళ్లీ పెట్టాను, 19,000. స్మియర్ చూడకుండానే రిపోర్టు ఇచ్చాను. ఆ రాత్రే ఆయన్ని అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకెళ్లారు. కొడుకు దారి పొడవునా ప్లేట్‌లెట్ దాతల కోసం ఫోన్లు చేశాడట. తెల్లారి అక్కడ నీలం మూత ట్యూబులో తీసి చూస్తే 1.9 లక్షలు. ఆయనకు ఏ జబ్బూ లేదు.

జరిగిందేమిటంటే, సీబీపీకి రక్తం తీసే ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే ఉప్పు ఉంటుంది. కొందరి రక్తంలో ఒక రకం యాంటీబాడీ ఉంటుంది. ఒంట్లో ఉన్నంతసేపూ దానివల్ల ఏ హానీ ఉండదు. ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్ మీది కొక్కెం ఆకారం మారి, దాగి ఉన్న భాగం బయటపడుతుంది. యాంటీబాడీ అక్కడ అంటుకుని ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికిస్తుంది. ట్యూబు చల్లబడే కొద్దీ ముద్దలు పెరుగుతాయి. మెషిన్ ఇరవై ప్లేట్‌లెట్ల ముద్దను చూసి ఇదేదో తెల్లకణం అనుకుంటుంది, లేదా లెక్కలోకే తీసుకోదు. అదే రక్తాన్ని స్లైడు మీద పూసి, పూత పలచబడే చివరి అంచు దగ్గర చూస్తే ఉప్మాలో ఉండలు కట్టిన రవ్వలా ప్లేట్‌లెట్ గుంపులు కనిపిస్తాయి. చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. నేను ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

అందుకే చెబుతున్నాను. ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా, చిగుళ్ల నుంచి రక్తం రాకుండా రిపోర్టులో మాత్రం 20,000 ఉంటే, భయపడేముందు "స్మియర్ చూశారా?" అని అడగండి. సిట్రేట్ ఉండే నీలం మూత ట్యూబులో మళ్లీ తీయమనండి. ఆ ట్యూబులో ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణిస్తాం. అలా అడిగితే మాకు కోపం రాదు. వస్తే ల్యాబు మార్చండి.

ప్లేట్‌లెట్ల మీద యాంటీబాడీ ఉంటే రక్తం కారాలి కదా? మా వదినకు కాలులో గడ్డకట్టిందన్నారు.

ఇదే అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టే సంగతి. యాంటీబాడీ తోక ఎవరి చేతికి దొరికింది, దాని రెండు చేతులు దేన్ని పట్టుకున్నాయి అన్నదాన్ని బట్టి ఒకరికి రక్తం ఆగదు, ఇంకొకరికి నాళంలోనే గడ్డకడుతుంది.

మైదుకూరు వైపు నుంచి ఒక జంట వచ్చారు. పెళ్లయి ఐదేళ్లు, మూడుసార్లు గర్భం నిలవలేదు. ఎక్కడో చేయించిన టెస్టుల్లో వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చింది. అది సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే టెస్టు. ఇక ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో నేను రాయక్కర్లేదు. ఆ అబ్బాయి కిటికీలోకి తల దూర్చి, భార్యకు వినపడకుండా, "నిజంగా అదేనా అన్నా?" అన్నాడు. అసలు సిఫిలిస్‌ను పట్టి చెప్పే టీపీహెచ్‌ఏ టెస్టు చేస్తే ఇద్దరికీ నెగెటివ్. మరి వీడీఆర్‌ఎల్ ఎందుకు పాజిటివ్? ఆ టెస్టు మందులో కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. ఆమె రక్తంలోని యాంటీబాడీ దాన్నే పట్టుకుంది. ఆమెకున్నది ఏపీఎస్, అంటే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. లండన్‌లో గ్రాహం హ్యూస్ బృందం 1983లో దీన్ని విడమరిచి చెప్పింది.

ఆమెకు ఏపీటీటీ కూడా చేశాం. రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే టెస్టు. మామూలు మనిషికి 30 సెకన్ల చుట్టుపక్కల వస్తే ఆమెకు 48. చూసినవాళ్లు ఎవరైనా ఈమెకు రక్తం ఆగదు అనే అనుకుంటారు. ఒంట్లో జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ట్యూబులో మేం కలిపే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును యాంటీబాడీ కమ్మేస్తుంది కాబట్టి గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఒంట్లోనేమో బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్‌ను జంటలుగా పట్టుకుని ప్లేట్‌లెట్ మీద వాలుతుంది. అప్పటికే ఏదో ఇన్ఫెక్షన్‌ వల్లో గర్భం వల్లో సగం మేలుకుని ఉన్న ప్లేట్‌లెట్‌ను పూర్తిగా రెచ్చగొడుతుంది. అది థ్రాంబాక్సేన్ అనే పదార్థం వదిలి పక్కవాటిని పిలుస్తుంది. నాళం లోపలి పొర, మోనోసైట్లు అనే తెల్లకణాలు కూడా ఆ యాంటీబాడీ దెబ్బకు గడ్డకట్టించే పదార్థాలు బయటపెడతాయి. కాలి సిరలో పడితే వాపు, అక్కడి నుంచి ఊపిరితిత్తికి పోతే ప్రాణాపాయం, మెదడు నాళంలో పడితే పక్షవాతం. కడుపులో బిడ్డను పోషించే మాయలో పడితే, దానితో పాటు వాపు కూడా తోడై, గర్భం నిలవదు.

ఈ యాంటీబాడీల్లో ఒకదాని పేరు లూపస్ యాంటీకోయాగ్యులెంట్. లూపస్ లేనివాళ్లకూ ఉంటుంది, ఒంట్లో యాంటీకోయాగ్యులెంట్‌గా, అంటే గడ్డకట్టకుండా ఆపేదిగా పనిచేయనే చేయదు. పేరులో ఉన్న రెండు మాటలూ తప్పే. అయినా అదే పేరు నడుస్తోంది.

ఒక్కసారి పాజిటివ్ వస్తే ఏపీఎస్ అని ముద్ర వేయరు. జ్వరాలు, ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు కూడా కొన్నాళ్లు పాజిటివ్ రావొచ్చు. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేయాలి. ఈ రెండో టెస్టుకు రాని వాళ్లే ఎక్కువ. మైదుకూరు జంట వచ్చారు. తర్వాతి గర్భంలో తక్కువ డోసు ఆస్పిరిన్, పొట్ట మీద రోజూ రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్ డాక్టరు రాశారు. ఇలా వాడి బిడ్డను ఎత్తుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు.

ఏపీఎస్‌లో కూడా ప్లేట్‌లెట్లు 80,000కు తగ్గాయి. మరి రక్తం పల్చబడే మందు ఎందుకిస్తున్నారు?

ఏపీఎస్‌లో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గడం మామూలే. తక్కువ ఉన్నాయి కదా, ఇక గడ్డకట్టదులే అనుకోవద్దు. ఉన్న వాటినే యాంటీబాడీ రెచ్చగొడుతోంది. 80,000 చూసి భయపడి సొంతంగా వార్ఫరిన్ అనే ఆ మందు మానేసి, పక్షవాతంతో తిరిగొచ్చిన వాళ్లున్నారు.

వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. పాలకూర, తోటకూరలోని విటమిన్ కె మందును తగ్గించేస్తుంది. మానేయమని కాదు, వారమంతా ఒకే తీరుగా తినండి. ఒక వారం రోజూ పప్పాకు, ఇంకో వారం అసలు లేకుండా ఉంటే ఐఎన్‌ఆర్ ఉయ్యాల ఊగుతుంది. టెస్టులు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అంటారు. ఏపీఎస్‌కు చూసే మూడు రకాల యాంటీబాడీలూ పాజిటివ్ ఉన్నవాళ్లలో అవి వార్ఫరిన్ అంత కాపాడలేదని వాటిలో ఒకటైన రివరోక్సబాన్ మీద 2018లో వచ్చిన పరీక్షలో తేలింది. గర్భం కోసం చూస్తుంటే మాత్రం ముందే డాక్టరుతో చెప్పాలి, వార్ఫరిన్ తొలి నెలల్లో బిడ్డకు హాని చేస్తుంది.

ఆస్పత్రిలో హెపారిన్ ఇచ్చాక ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పల్చబడే మందే కదా, ఆపేస్తే చాలు కదా?

ఆపాలి, కానీ అంతటితో సరిపోదు. ప్లేట్‌లెట్ వదిలే పీఎఫ్4 అనే ప్రోటీన్‌తో హెపారిన్ జతకడుతుంది. కొందరిలో ఆ జత మీదికి యాంటీబాడీ తయారవుతుంది. ఇక్కడ దాని తోకను పట్టుకునేది ప్లీహం కాదు, ప్లేట్‌లెటే. దాని ఒంటి మీద కూడా తోకను పట్టే చేయి ఒకటుంది. గొర్రెల లెక్కలో చెప్పాలంటే, రంగు చూసి లారీ మనిషి రావడం లేదు, గొర్రెల గుంపే బెదిరి తొక్కిసలాడుకుంటోంది. హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల్లో లెక్క సగానికి పైగా పడిపోతుంది, గడ్డలు కడతాయి. హెపారిన్ ఆపి, వేరే రకం మందుతో గడ్డలను అడ్డుకోవాలి.

కోవిడ్ టీకా గురించి కూడా ఇక్కడే అడుగుతారు. 2021లో అడినోవైరస్ రకం టీకాల తర్వాత చాలా అరుదుగా కొందరిలో పీఎఫ్4 మీదికి ఇలాంటి యాంటీబాడీలే వచ్చాయి. అది టీకా వేసిన కొన్ని వారాల్లోపే బయటపడే జబ్బు. ఏళ్ల కింద వేయించుకున్న టీకా గురించి ఇప్పుడు టెన్షన్ అక్కర్లేదు.

టీటీపీ అని రాశారు. ఐటీపీకి అక్షరం తప్పు పడిందా?

తప్పు కాదు, టీటీపీ (థ్రాంబోటిక్ థ్రాంబోసైటోపీనిక్ పర్పురా) వేరే జబ్బు. ఇక్కడ ప్రశ్నలు ఆపి పెద్దాస్పత్రికి బండి ఎక్కండి. ఇందులో యాంటీబాడీ ప్లేట్‌లెట్‌ను ముట్టుకోదు. అడామ్‌టీఎస్13 (ADAMTS13) అనే ఎంజైమును పట్టుకుంటుంది. ఆ ఎంజైము పని, ప్లేట్‌లెట్లను గోడకు అంటించే వాన్ విల్లెబ్రాండ్ తాళ్లను పొట్టిగా కత్తిరించడం. కత్తిరించేవాడు లేకపోతే తాళ్లు పొడవుగా వేలాడి చిన్న నాళాలన్నిట్లో ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. వాటి మధ్య నుంచి దూరి వెళ్లే ఎర్రకణాలు ముక్కలవుతాయి. స్మియర్‌లో హెల్మెట్ ఆకారంలో విరిగిన ఎర్రకణాలు కనిపిస్తే అది రాత్రి రెండైనా సరే నేను డాక్టరుకు ఫోన్ చేస్తాను. ప్లేట్‌లెట్లు తక్కువ, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం కలిసి వస్తే ఆలస్యం చేయకూడదు. ప్లాస్మా మార్పిడి చేస్తే ఎక్కువ మంది బతుకుతారు, చేయకపోతే పదిమందిలో తొమ్మిది మంది బతకరు.

ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోదా? దాతలు బయట రెడీగా ఉన్నారు.

మంచి మనసే, ఆ ఓపిక దాచుకోమనండి. ఐటీపీలో ఎక్కించిన వాటికి కూడా అదే రంగు పడుతుంది, కొన్ని గంటల్లో అవీ ప్లీహంలోకే పోతాయి. మెదడులోనో కడుపులోనో రక్తస్రావం ఉండి ప్రాణం మీదికి వస్తే మాత్రం, మిగతా మందులతో పాటు ఎక్కిస్తారు. టీటీపీలో ఊరికే ఎక్కించడం మంట మీద నూనె.

బొప్పాయి ఆకు రసం, కివీ, మేకపాలు గురించి కూడా ఈ వరసలోనే అడుగుతారు. ఐటీపీలో యాంటీబాడీని ఆపే శక్తి వాటికి ఉందనడానికి నమ్మదగిన రుజువు లేదు. కివీ తినండి, పండే కదా. ఆకు రసం తాగి వాంతులతో వచ్చిన పిల్లల్ని చూశాక దాన్ని నేను ఎవరికీ చెప్పను.

మందులు ఏం చేస్తాయి? మా పాపకు అసలు మందే రాయలేదు.

రాయకపోవడమే సరైన వైద్యం కావచ్చు. పిల్లల్లో చర్మం మీద చుక్కలు తప్ప వేరే రక్తస్రావం లేకపోతే, లెక్క తక్కువున్నా చాలాసార్లు కనిపెట్టుకుని ఉండమంటారు. ఎక్కువ మందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దానంతట అదే తగ్గుతుంది. పెద్దవాళ్లలో అలా తగ్గేది తక్కువ, ఏళ్ల తరబడి ఉండొచ్చు.

మందులన్నీ సంతలో ఒక్కో చోట అడ్డుపడేవే. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు లారీ మనిషిని మందగింపజేస్తాయి, రంగు తయారీనీ తగ్గిస్తాయి. కొద్ది వారాలు వాడి తగ్గించుకుంటూ రావాల్సినవి అవి. పని చేసింది కదా అని నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుని మింగితే షుగరు, ఎముకల బలహీనత తెచ్చుకున్నట్టే. ఐవీఐజీ అనేది వేల మంది దాతల యాంటీబాడీల మిశ్రమం. ప్లీహం చేతులన్నీ దానితో నిండిపోయి మన ప్లేట్‌లెట్ కొన్నాళ్లు తప్పించుకుంటుంది. రిటుక్సిమాబ్ రంగు కలిపే వాళ్లను, అంటే బీ కణాలను తగ్గిస్తుంది. ఎల్ట్రోంబోపాగ్, రోమిప్లోస్టిమ్ కొత్త గొర్రెపిల్లలు, అంటే కొత్త ప్లేట్‌లెట్లు ఎక్కువ పుట్టేలా చేస్తాయి. ఇవేవీ లాభం లేకపోతే ప్లీహం తీసేయడం, అంటే లారీ అడ్డానే మూసేయడం. 1916లో ప్రాగ్‌లో కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి చెప్పిన ఉపాయమది. తీసే ముందు న్యుమోకోకస్ లాంటి క్రిములకు టీకాలు తప్పనిసరి, రెండు వారాల ముందే వేయించుకోవాలి.

ఎల్ట్రోంబోపాగ్ వాడేవాళ్లకు మన సీమలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కాల్షియం తగిలితే ఆ మాత్ర ఒంటికి పట్టదు. పాలు, పెరుగు దూరం పెట్టమని డాక్టర్లు చెబుతారు, జనం వింటారు. రాగి సంగటి సంగతి ఎవరూ అడగరు. రాగుల్లో కాల్షియం మెండు. రాత్రి సంగటి తిని వెంటనే మాత్ర వేసుకుంటే డబ్బు మట్టిలో పోసినట్టే. సంగటికి, మజ్జిగకు కనీసం 2 గంటల ముందు వేసుకోవాలి, తిన్నాకైతే 4 గంటలు ఆగాలి. మాత్ర పనిచేయడం లేదని వచ్చిన ఒక పెద్దాయనకు డాక్టరు మార్చింది మాత్రను కాదు, అది వేసుకునే వేళను.

లెక్క ఎంత ఉంటే భయపడాలి? మా తమ్ముడు ఏటా దేవరగట్టుకు పోతాడు.

30,000 పైన ఉండి రక్తం కారకపోతే పెద్దవాళ్లలో కూడా చాలాసార్లు మందు లేకుండానే చూస్తారు. 10,000 లోపు ఉంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. కానీ అంకె కంటే ఒళ్లు చెప్పేది వినండి. నోట్లో నల్లటి రక్తపు బొబ్బలు, పావుగంట నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తం, తారులాంటి మలం, గంటకో ప్యాడ్ మార్చాల్సిన నెలసరి, విపరీతమైన తలనొప్పితో వాంతులు ఉంటే అంకె ఎంతున్నా 108కు ఫోన్ చేయండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, అవి ఉన్న కొద్ది ప్లేట్‌లెట్లను కూడా పని చేయనివ్వవు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకు సూది అసలే వద్దు. ఆ సూది పడిన చోట లోపల రక్తం నిండి బంతిలా ఉబ్బి వచ్చిన వాళ్లను చూశాను.

దేవరగట్టు అంటే దసరా రాత్రి కర్రల మధ్య తిరగడం. మామూలు మనిషి తల పగిలితేనే కష్టం. ఈసారికి మాల మల్లేశ్వరుణ్ణి ఇంటి దగ్గర నుంచే మొక్కుకోమనండి.

ఐటీపీ ఉంటే పిల్లల్ని కనొచ్చా? బిడ్డకు వస్తుందా?

కనొచ్చు. వంశపారంపర్యం కాదు. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి కాబట్టి కొందరు పిల్లల్లో పుట్టాక లెక్క తగ్గుతుంది, 2 నుంచి 5 రోజుల మధ్య బాగా తగ్గుతుంది. అందుకే పుట్టగానే ఒకసారి బాగుందని ఇంటికి తీసుకెళ్లిపోవద్దు, ఆ రోజుల్లో మళ్లీ చూడాలి. తల్లి యాంటీబాడీలు అయిపోయే కొద్దీ బిడ్డ కోలుకుంటుంది. ఐటీపీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. కాన్పు నాటికి తల్లికి 50,000 దాటించాలని, వెన్నులో మత్తు ఇవ్వాలంటే ఇంకాస్త ఎక్కువ ఉండాలని డాక్టర్లు చూస్తారు.

యాడికి పోవాల? హైదరాబాదా, బెంగళూరా?

కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు, కడప వాళ్లు వేలూరు, తిరుపతి అనడం అలవాటు. రక్తం కారకుండా ఉంటే మొదటి అడుగు ఇక్కడే వేయొచ్చు. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో, కడప రిమ్స్‌లో జనరల్ మెడిసిన్, పిల్లల విభాగాలున్నాయి, స్మియర్ చూసే పాథాలజీ వాళ్లున్నారు. హెమటాలజిస్టు అవసరమని వాళ్లే అంటే అప్పుడు బయల్దేరండి. ఎన్టీఆర్ వైద్య సేవ (మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ) కింద ఏది వస్తుందో ఆస్పత్రిలోని ఆ పథకం డెస్కులోనే అడగండి. ఒక్క మనవి, మొదటి స్మియర్, మొదటి సీబీపీ కాగితాలు పారేయొద్దు. స్టెరాయిడ్ మొదలుపెట్టాక తీసిన రక్తం అసలు కథను కొంత దాచేస్తుంది.

నా ప్లేట్‌లెట్లు నేను చూడొచ్చా?

ఇది అడిగింది ఎమ్మిగనూరు పాప, ఏడో నెలలో లెక్క 2.1 లక్షలు వచ్చిన రోజు. చూడొచ్చు. స్టూలు ఎక్కించి మైక్రోస్కోపు దగ్గర నిలబెట్టాను. గులాబీ రంగు ఎర్రకణాల మధ్య ఊదా రంగులో చిన్న చిన్న నలుసులుంటాయి, అవే అని చెప్పాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. పదహారు లెక్కపెట్టి, స్లైడు జరపమంది.